అర్జెంట్: బీచ్‌లో మా కుక్క మూతికి జెల్లీఫిష్ కుట్టింది, వాపు వస్తోంది. ఏం చేయాలి?

అలలపిచ్చి | సాయంత్రం 5:48

నమస్కారం అండీ. టైపింగ్ తప్పులుంటే ఏమనుకోకండి, చేతులు వణుకుతున్నాయి. మా బ్రూనో (మూడేళ్ల ల్యాబ్రడార్, 29 కిలోలు) ఒడ్డుకి కొట్టుకొచ్చిన జెల్లీఫిష్‌ని వాసన చూశాడు. చచ్చిపోయి ఎండలో పడి ఉందికదా అని నేను పట్టించుకోలేదు. మరుక్షణం కుయ్యోమంటూ వెనక్కి గెంతాడు. అప్పట్నుంచి ముందుకాళ్లతో మూతి రుద్దుకుంటూనే ఉన్నాడు, చొంగ ధారగా కారుతోంది. బాటిల్లో ఉన్న తాగే నీళ్లతో కడిగి టవల్‌తో గట్టిగా తుడిచాను. తుడిచాక ఏడుపు ఇంకా ఎక్కువైంది. పై పెదవి ఒకపక్క ఉబ్బింది. ఇంకా ఒడ్డునే ఉన్నాం. మా వెట్ ఫోన్ ఎత్తట్లేదు. ఎవరైనా ఉన్నారా?

రెండుతోకల_ఇల్లు | 5:51

ముందు తుడవడం ఆపండి. మంచినీళ్లు కూడా ఇక పోయొద్దు.

ఇవి చూసి వెంటనే చెప్పండి. ఊపిరి తీసుకునేటప్పుడు గురకలా, ఈలలా చప్పుడేమైనా వస్తోందా? చిగుళ్లు గులాబీ రంగులో ఉన్నాయా, తెల్లగా పాలిపోయాయా? తనంతట తాను నిలబడుతున్నాడా?

సరదా_శునకం | 5:52

మూత్రం పోస్తే మంట తగ్గుతుందంటారు కదా? జోక్ కాదు, నిజంగానే అడుగుతున్నా.

రెండుతోకల_ఇల్లు | 5:53

తగ్గదు, పెరిగే అవకాశమే ఎక్కువ. పైగా కుట్టింది మూతికి. ఆ పని చేసి తర్వాత ఆ కుక్క మొహం ఎలా చూస్తారండీ.

అలలపిచ్చి | 5:55

ఊపిరి వేగంగా ఉంది కానీ చప్పుడు లేదు. చిగుళ్లు గులాబీగానే ఉన్నాయి. నిలబడ్డాడు, తోక మాత్రం కాళ్ల మధ్యలో ఉంది. ఇంకో విషయం, నా కుడిచేతి వేళ్లు కూడా మండుతున్నాయి. నేను ఆ జెల్లీఫిష్‌ని ముట్టుకోనేలేదు!

మూగజీవాల_డాక్టర్ | 5:58

నేను పశువైద్యురాలిని. మీ వేళ్లు మండుతున్నాయంటే జెల్లీఫిష్ తీగల (దాని ఒంటి నుంచి వేలాడే, కుట్టే దారాల) ముక్కలు ఇంకా బ్రూనో మూతి వెంట్రుకల్లో ఉన్నాయి, టవల్‌కీ అంటుకున్నాయి. ఆ టవల్ పక్కన పడేయండి, దాంతో ఇంకేదీ తుడవకండి.

బాటిల్ ఖాళీ చేసి సముద్రపు నీళ్లు పట్టండి. జెల్లీఫిష్‌లు కొట్టుకొచ్చిన చోట కాకుండా కాస్త పక్కకి వెళ్లి, నీళ్లలో తీగలేమీ తేలట్లేదని చూసి పట్టండి. బ్రూనో తల కిందికి వంచి, మూతి పక్కనుంచి సన్నటి ధారగా పోయండి. ఆ నీళ్లు గొంతులోకి పోకూడదు, బయటికే జారిపోవాలి. రుద్దొద్దు, చేత్తో నిమరొద్దు కూడా. సన్నగా, పారదర్శకంగా, జిగురుదారాల్లాంటివి కనిపిస్తే పట్టకారుతో ఎత్తి తీయండి. పట్టకారు లేకపోతే చేతికి మందపాటి ప్లాస్టిక్ కవర్ చుట్టుకుని తీయండి. గీకకండి, ఎత్తండి. నోట్లో నాలుక కింద, చిగుళ్ల అంచున కూడా చూడండి, కానీ నొప్పి మీద ఉన్న కుక్క ఎంత మంచిదైనా కరుస్తుంది, జాగ్రత్త. ఒకరు మెడ దగ్గర పట్టుకుంటే ఒకరు చూడాలి.

కాళ్లతో మూతి రుద్దుకోనివ్వకండి. అలాగని నోరు కట్టేయకండి. వాంతి వస్తే బయటికి రావడానికి దారి ఉండాలి.

ఇదంతా అయిదు నిమిషాల్లో అయిపోవాలి. అది అవగానే దగ్గర్లో తెరిచి ఉన్న ఏ క్లినిక్‌కైనా బయల్దేరండి. మీ వెట్ ఫోన్ ఎత్తే దాకా ఆగొద్దు. నోటికి కుట్టిన కేసుని నేను ఇంటి దగ్గర ఉంచి చూద్దామని ఎవరికీ చెప్పను.

గోధుమరంగు_మచ్చ | 6:01

వెనిగర్ ఉంటే పోయండి, పక్కన హోటల్లో అడిగితే ఇస్తారు. అన్నిటికంటే బాగా పనిచేసేది అదే.

మూగజీవాల_డాక్టర్ | 6:02

మూతికి, ముక్కుకి, కళ్లకి వెనిగర్ వద్దు. అలలపిచ్చి గారూ, మీరు నీళ్లు పోసే పనిలో ఉండండి, ఈ వాదన తర్వాత చేసుకుందాం.

సముద్రపుగాలి | 6:04

మా ఇంట్లో తలనొప్పి మాత్రలు, ఒళ్లునొప్పుల మాత్రలు కారులో ఎప్పుడూ ఉంటాయి, అందరికీ ఉంటాయనుకుంటా. దయచేసి అవేవీ కుక్కకి వేయకండి. ఐబుప్రోఫెన్ కుక్కల కడుపులో పుండ్లు పెడుతుంది, కిడ్నీలు పాడుచేస్తుంది. పారాసెటమాల్ కూడా డాక్టర్ చెప్పకుండా వద్దు. అనుభవం మీద చెప్తున్నా, వివరాలు ఇప్పుడొద్దు.

అలలపిచ్చి | 6:13

కడిగాం. మా చెల్లి పట్టుకుంది, నేను పోశాను. రెండు దారాలు దొరికాయి, ఒకటి కింది పెదవి లోపల ఇరుక్కుని ఉంది, వేలెడు పొడుగు. కనురెప్ప వెంట్రుక కంటే కొంచెం లావు అంతే. ఇంత సన్నటిదా ఇంత పని చేసింది అనిపించింది. ఏడుపు కొంచెం తగ్గింది. కారెక్కాం. చెల్లి వెనక సీట్లో వాడి ముందుకాళ్లు పట్టుకుని కూర్చుంది. క్లినిక్ పాతిక నిమిషాల దూరం.

మూగజీవాల_డాక్టర్ | 6:15

చాలా బాగా చేశారు. దారిలో మీ చెల్లెలికి ఒక పని. పై పెదవి ఎత్తి చిగురు మీద వేలితో నొక్కి వదలమనండి. నొక్కిన చోట తెల్లబడి, రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ అవ్వాలి. అయిదు నిమిషాలకోసారి అలా చూడమనండి. ఆలస్యంగా రంగు వస్తున్నా, చిగుళ్లు తెల్లబడుతున్నా, వాడు జోగుతున్నా క్లినిక్‌కి ఫోన్ చేసి "షాక్‌లోకి వెళ్తున్నాడు, సిద్ధంగా ఉండండి" అని చెప్పండి.

ఒక మాట గుర్తుపెట్టుకోండి. మనుషులకి తీవ్రమైన అలర్జీ వస్తే గొంతు పట్టేయడం, ఆయాసం ముందు కనిపిస్తాయి. కుక్కల్లో దెబ్బ ముందు లివర్ మీద, పేగుల మీద పడుతుంది. అందుకే ఒంటి మీద ఒక్క దద్దురు లేకపోయినా, ఉన్నట్టుండి వాంతి, విరేచనం, కాళ్లు పట్టు తప్పడం మొదలైతే అది "ఏదో తిన్నది పడలేదు" అని వదిలేయాల్సింది కాదు.

అలలపిచ్చి | 6:31

ఒక వాంతి అయింది. నురగ, కొంచెం ఇసుక. చిగుళ్లు గులాబీగానే ఉన్నాయి, రెండు సెకన్లలోపే రంగు వస్తోంది. చెల్లి లెక్కపెడుతోంది. నాకు టెన్షన్‌తో దారి కనపడట్లేదు.

రెండుతోకల_ఇల్లు | 6:32

డ్రైవింగ్ మీరే చేస్తున్నారా? అయితే ఫోన్ పక్కన పెట్టండి బాబూ. వెళ్లాక రాయండి. మేమిక్కడే ఉంటాం.

గోధుమరంగు_మచ్చ | 6:50

వాళ్లు క్లినిక్‌కి చేరేలోపు అడుగుతున్నా డాక్టర్ గారూ. వెనిగర్ ఎందుకు వద్దన్నారు? బీచ్‌లలో లైఫ్‌గార్డులే పెట్టుకుంటారు కదా?

మూగజీవాల_డాక్టర్ | 7:04

అన్ని బీచ్‌లలో పెట్టుకోరు. ఎక్కడ పెట్టుకుంటారో, ఎందుకు పెట్టుకుంటారో చెప్తాను.

జెల్లీఫిష్ తీగల మీద కంటికి కనపడని లక్షల విషపు తిత్తులుంటాయి. ఒక్కో తిత్తిలో స్ప్రింగులా చుట్టుకున్న బోలు దారం ఉంటుంది. తాకగానే, లేదా చుట్టూ ఉన్న నీటి గుణం మారగానే అది సూదిలా పేలి చర్మంలో దిగుతుంది. కుట్టినప్పుడు పేలేవి వాటిలో కొన్నే, చాలావరకు పేలకుండా చర్మం మీదే అంటుకుని ఉంటాయి. మన ప్రథమ చికిత్స అంతా ఆ మిగిలిన వాటిని పేలకుండా చూసుకోవడం కోసమే. మంచినీళ్లు పోస్తే ఉప్పు శాతం ఒక్కసారిగా మారి అవి పేలతాయి. స్పిరిట్ పోసినా అంతే. టవల్‌తో రుద్దినా, ఇసుకతో రుద్దినా, కార్డు పెట్టి గీకినా ఆ ఒత్తిడికి పేలతాయి. బ్రూనోకి తుడిచాక ఏడుపు పెరగడానికి కారణం అదే.

ఇక వెనిగర్. బాక్స్ జెల్లీఫిష్ అనే ప్రమాదకరమైన జాతి ఉంది, ఉత్తర ఆస్ట్రేలియా తీరంలో ఎక్కువ. దాని తిత్తుల్ని వెనిగర్ పేలకుండా ఆపేస్తుంది, అందుకే అక్కడి బీచ్‌లలో కనీసం 30 సెకన్లపాటు పోయమంటారు. కానీ నీలం రంగు గాలిబుడగలా తేలే బ్లూబాటిల్‌కి అదే ఆస్ట్రేలియాలో వెనిగర్ వద్దంటారు, సముద్రపు నీళ్లతో కడిగి వేడి నీళ్లు వాడమంటారు. 2017లో హవాయి పరిశోధకులు మాత్రం దాని దగ్గరి చుట్టమైన పోర్చుగీస్ మ్యాన్ ఓ వార్‌కి కూడా వెనిగర్ మేలే చేస్తుందని తేల్చారు. అంటే నిపుణుల మధ్యే ఏకాభిప్రాయం లేదు. మరికొన్ని జాతులకి వెనిగర్ తగిలితే తిత్తులు ఇంకా పేలతాయి. ఒడ్డున పడి సగం ఎండిన జిగురుముద్దని చూసి అదే జాతో నేను చెప్పలేను, మీరూ చెప్పలేరు. మీ తీరంలో ఏవి తిరుగుతాయో అక్కడి లైఫ్‌గార్డుకి తెలుస్తుంది, ఆయన పోయమంటే కాలికో పొట్టకో పోయండి. ముక్కు, నోరు, కన్ను మాత్రం ఎప్పుడూ వద్దు.

సరదా_శునకం | 7:09

ఇంత ఉందా దీని వెనక. మూత్రం సలహా వెనక్కి తీసుకుంటున్నా.

అలలపిచ్చి | 7:22

క్లినిక్‌లో ఉన్నాం. ఇంజెక్షన్లు రెండు ఇచ్చారు, ఒకటి అలర్జీకి, ఒకటి నొప్పికి. నోరు మళ్లీ చూసి నాలుక కింద ఇంకో చిన్న ముక్క తీశారు! మేం అంత చూసినా దొరకలేదు. గుండె, బీపీ బాగానే ఉన్నాయట. రెండు గంటలు ఇక్కడే ఉంచమన్నారు. డాక్టర్ గారూ, రెండుతోకల గారూ, మీకు ఎలా చెప్పాలో తెలియట్లేదు.

రెండుతోకల_ఇల్లు | 7:24

అమ్మయ్య. ఇప్పుడు మీ వేళ్ల సంగతి చూపించుకోండి, మర్చిపోయుంటారు.

అలలపిచ్చి | 7:25

నిజమే, మర్చిపోయాను 😀 ఎర్రగా గీతలు తేలాయి.

పాతకాగితాలు | 8:10

వైద్యుణ్ణి కాదు, చరిత్ర పిచ్చి ఉన్నవాణ్ణి. ఈ విషయంలో ఒక ముచ్చట ఉంది, కాస్త బాధగానూ ఉంటుంది.

1901లో చార్ల్స్ రిషే, పాల్ పోర్టియే అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రవేత్తలు మొనాకో రాజు మొదటి ఆల్బర్ట్ పడవ మీద ప్రయాణిస్తూ, మనం పైన చెప్పుకున్న పోర్చుగీస్ మ్యాన్ ఓ వార్ విషం మీద పని మొదలుపెట్టారు. పారిస్ తిరిగొచ్చాక ఆ జీవి దొరక్క, దానికి చుట్టమైన సీ అనెమొనీ అనే సముద్రజీవి విషంతో కుక్కల మీద ప్రయోగాలు చేశారు. కొంచెం కొంచెంగా ఇస్తే అలవాటుపడి తట్టుకుంటాయని వాళ్ల ఆశ. జరిగింది పూర్తిగా తలకిందులు. మొదటి డోసుని తట్టుకున్న నెప్ట్యూన్ అనే కుక్క, కొన్ని వారాల తర్వాత మళ్లీ కొంచెం ఇవ్వగానే నిమిషాల్లో చనిపోయింది. ఆ తీవ్రమైన అలర్జీ స్థితికే 1902లో వాళ్లు "అనాఫిలాక్సిస్" అని పేరు పెట్టారు. దీనికి రిషేకి 1913లో నోబెల్ వచ్చింది. ఇప్పుడు తేనెటీగ కుట్టినా, పల్లీలు పడకపోయినా డాక్టర్లు భయపడే ఆ పదం ఇలా కుక్కల మీద, జెల్లీఫిష్ బంధువు విషంతో పుట్టింది.

సముద్రపుగాలి | 8:16

అంటే బ్రూనోకి రెండోసారి కుడితే మొదటిసారి కంటే ప్రమాదమా?

మూగజీవాల_డాక్టర్ | 8:31

కావొచ్చు. అందరికీ అలా అవ్వదు, ఎక్కువ కుక్కలకి రెండోసారీ మంట, వాపుతోనే పోతుంది. కానీ ఒకసారి కుట్టిన కుక్క అయితే రెండోసారి తొందరగా బయల్దేరాలి. పాతకాగితాలు గారూ, ఆ కథ మాకు కాలేజీలో చెప్పారు, కుక్క పేరు మాత్రం నేను మర్చిపోయాను.

ఇసుకలో_అడుగులు | 9:02

మా అనుభవం కూడా రాస్తాను, వేరే కోణం కాబట్టి. పోయినేడాది మా పప్పీ బీచ్ నుంచి వచ్చాక వాంతులు, విరేచనాలు, తూలుతూ నడక. దారిలో జెల్లీఫిష్‌లు కనపడ్డాయి కాబట్టి అదే కుట్టిందని ఫిక్స్ అయిపోయాం. మేం మొదట వెళ్లిన చోట కూడా అదే అనుకున్నారు. రెండోచోట రక్తపరీక్ష చేస్తే సోడియం విపరీతంగా ఉంది. బంతి విసిరి ఆడించామండీ గంటసేపు, నోటితో బంతి పట్టుకున్నప్పుడల్లా కొంచెం కొంచెం సముద్రపు నీళ్లు మింగేసింది. రెండు రోజులు సెలైన్ పెట్టి నెమ్మదిగా తగ్గించారు. బీచ్‌కి వెళ్తే తాగే నీళ్లు తీసుకెళ్లి పావుగంటకోసారి మీరే పెట్టండి. కుట్టిన చోట పోయడానికి కాదు, తాగడానికి.

మూగజీవాల_డాక్టర్ | 9:10

చాలా ముఖ్యమైన పాయింట్. కుడితే మామూలుగా నిమిషాల్లోనే గోల మొదలవుతుంది, ఒకచోటే నొప్పి ఉంటుంది. ఇంటికొచ్చిన చాలాసేపటికి, ఎక్కడా నొప్పి లేకుండా వాంతులు, తూలడం మొదలైతే ఉప్పునీళ్లు, వడదెబ్బ, ఒడ్డున ఏదైనా తినడం, ఇవన్నీ అనుమానించాలి. 2009లో న్యూజిలాండ్‌లో ఆక్లాండ్ దగ్గరి బీచ్‌లలో కుక్కలు చనిపోతుంటే ఆరా తీస్తే, ఒడ్డుకి వచ్చిన ఒక రకం గుల్ల లేని సముద్రపు నత్తల్లో టెట్రోడోటాక్సిన్ ఉందని తేలింది. బుడగచేపలో ఉండే విషం అదే. అందుకే మీ వెట్ "ఏం తింది, ఎంతసేపటి క్రితం" అని పదిసార్లు అడుగుతారు. వీలైతే ఆ జీవిని ఒక ఫొటో తీసి తీసుకెళ్లండి. జీవిని తీసుకెళ్లొద్దు!

గోధుమరంగు_మచ్చ | 9:14

ఒకవేళ కుక్క జెల్లీఫిష్‌ని మింగేస్తే? ఉప్పు పెట్టి కక్కిస్తారు కదా కొందరు.

మూగజీవాల_డాక్టర్ | 9:19

కక్కించకండి. లోపలికి వెళ్లేటప్పుడు ఒకసారి కుట్టింది, బయటికి వచ్చేటప్పుడు గొంతులో మళ్లీ కుడుతుంది. వాచిన గొంతుతో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం కూడా ఉంది. ఉప్పు పెట్టి కక్కించడమైతే ఏ విషానికీ చేయకూడదు, ఇసుకలో_అడుగులు గారి పప్పీ కథ పైన చదవండి.

అలలపిచ్చి | రాత్రి 10:05

ఇంటికొచ్చాం. వాపు సగం తగ్గింది. వాడు నిద్రపోతున్నాడు, ఒక పెదవి వేలాడుతూ పెద్దమనిషిలా ఉన్నాడు. రేపటిదాకా గమనించమన్నారు, తిండి మెత్తగా పెట్టమన్నారు. ఒక సందేహం. మండిన కాలికో పొట్టకో అయితే వేడినీళ్లు పనికొస్తాయని పైన చదివాను. కుక్కలకి కూడానా?

మూగజీవాల_డాక్టర్ | 10:20

మనుషులకి 45 డిగ్రీల నీళ్లలో ఓ 20 నిమిషాలు ముంచమంటారు, వేడికి విషం శక్తి తగ్గుతుంది. కుక్క కాలైతే, తీగలన్నీ తీసేశాక, నేనూ ప్రయత్నించమంటాను. థర్మామీటర్ ఉంటేనే. లేకపోతే మీ మణికట్టు లోపలివైపు అందులో పెట్టి హాయిగా ఉంచగలిగినంత వేడే ఉండాలి. మీరైతే "అబ్బా కాలింది" అంటారు, వాడు అనలేడు. మూతికి మాత్రం వేడి వద్దు. గుడ్డలో చుట్టిన ఐస్‌ప్యాక్ బయటినుంచి పెడితే చాలు, అదీ తీగలన్నీ తీసేశాకే.

అలర్జీ మాత్రల డోసు కూడా అడుగుతారని నాకు తెలుసు. ఇక్కడ రాయను. బరువుని బట్టి మారుతుంది, పైగా జలుబు మందు కలిపిన అలర్జీ మాత్రలు కుక్కలకి ప్రమాదం. మీ వెట్‌ని ఇప్పుడే, ఏ గొడవా లేనప్పుడే అడిగి, ఏ మాత్ర, ఎంత అన్నది కాగితం మీద రాయించుకుని బీచ్ బ్యాగులో పెట్టుకోండి.

సముద్రపుగాలి | 10:26

ఆ టవల్, మెడపట్టీ, తాడు? ఎండలో ఆరేస్తే చాలా?

మూగజీవాల_డాక్టర్ | 10:33

ఎండినా కొన్ని తిత్తులు బతికే ఉంటాయి, మళ్లీ తడి తగిలితే పేలతాయి. టవల్ పారేస్తే గొడవుండదు. మెడపట్టీ, తాడు గ్లవ్స్ వేసుకుని విడిగా ఉతకండి. కారు సీటు మీద కూడా ఓసారి చూసుకోండి, పిల్లలు కూర్చుంటే ఇబ్బంది.

అలలపిచ్చి | నాలుగు రోజుల తర్వాత

అప్‌డేట్ ఇవ్వకపోతే బాగోదని. బ్రూనో మామూలైపోయాడు. మర్నాడు సాయంత్రానికే తిన్నాడు. పెదవి లోపల చిన్న పుండు మిగిలింది, మందు రాస్తున్నాం. నా వేళ్ల మీద గీతలే ఇంకా పోలేదు. బీచ్ బ్యాగులో పట్టకారు, రబ్బరు గ్లవ్స్, రెండు బాటిళ్లు పెట్టాను. ఒకటి తాగడానికి. రెండోదాని మీద స్కెచ్‌పెన్‌తో "సముద్రం" అని రాశాను, బీచ్‌లో దిగగానే నింపి పెట్టుకోవడానికి. మా చెల్లి చూసి తెగ నవ్వింది.

సరదా_శునకం | నాలుగు రోజుల తర్వాత

సూపర్. నేనూ ఒక మంచిపని చేశా. నిన్న మా బీచ్‌లో జెల్లీఫిష్ కనపడితే ఏ కుక్కా ముట్టుకోకుండా ఇసుకలో పాతిపెట్టి వచ్చా.

రెండుతోకల_ఇల్లు | నాలుగు రోజుల తర్వాత

అయ్యో, ఎందుకండీ పాతారు! పైకి కనిపిస్తే మేం తాడు లాగి పక్కకి తీసుకెళ్తాం. పాతితే మాకు కనపడదు, వాసన మాత్రం పోదు. మా పెద్ద కుక్క బీచ్‌కి వచ్చేదే తవ్వడానికి. మళ్లీ కనపడితే కర్రతో నడిచే దారి పక్కకి నెట్టి, లైఫ్‌గార్డుకి చెప్పండి చాలు. ఇంతకీ ఎక్కడ పాతారో గుర్తుందా?

సరదా_శునకం | నాలుగు రోజుల తర్వాత

లేదు 😐